కడుపు నిండిన కోడి

పెళ్లయిన కొత్తలో మనిషికి బరువుండదేమో. బీజాపూర్ దాటాక మట్టిదారిలో బైక్ ఎగిరినప్పుడల్లా నేను సీటు మీంచి లేచి, మళ్లీ బావ వీపు మీద పడి నవ్వుతున్నాను.

"మెల్లగా కూర్చో రాజీ. టూల్ బ్యాగ్ పడిపోద్ది."

"నేను పడితే ఫర్వాలేదా?"

"నువ్వు కంపెనీ సామాను కాదుగా, జీతంలో కోయరు."

వీపు మీద ఒక్కటిచ్చాను. నా చేతికున్న ఎర్రగాజులు గలగలమన్నాయి. వాటి చప్పుడు వినడానికే రోజుకు ఎన్నిసార్లు కొడతానో ఆ వీపుకే తెలియాలి.

మా బావ ఉమామహేష్ ఊళ్లలో సోలార్ నీళ్ల ట్యాంకులు బాగుచేస్తాడు. ఆదివారం కూడా పని పడిందని నేను మూతి ముడిస్తే నన్నూ ఎక్కించుకున్నాడు. తెలంగాణ సరిహద్దుకు దగ్గరి ఊరది, మాట్లాడేది తెలుగే. బజారులో ఉల్లిపాయలు కూడా హిందీలో అడుక్కునే నాకు అదే పెద్ద పండగ. దారంతా ఇప్పపూలు రాలి ఉన్నాయి. బండి ఆపించి ఒకటి ఏరి బావ జేబులో వేశాను.

ట్యాంకు దగ్గర మనుషులెవరూ లేరు. ఇనుప స్తంభానికి ఒక నల్ల కోడిపెట్ట మాత్రం కట్టేసి ఉంది. బావ పైకెక్కి వైర్లు సరిచేసి దిగేసరికి, నేను కోడితో కబుర్లాడుతున్నాను.

"చెయ్యి చాపు" అన్నాడు. దారిలో కొన్న బూందీ పొట్లం విప్పి నా అరచేతిలో పోశాడు. కోడి ఒక్క దూకు దూకింది. దాని ముక్కు టకటకా పొడుస్తుంటే చక్కిలిగిలితో మెలికలు తిరిగిపోయాను. నేను నవ్వేకొద్దీ బావ ఇంకా పోశాడు. బూందీ అయ్యాక మరమరాలు. చివరికి కోడి మెడ కింద సంచి నిమ్మకాయంత ఉబ్బి పక్కకు వాలింది.

"పాపం, ఎన్నాళ్ల ఆకలో" అన్నాను.

అప్పుడే ఊరంతా చెట్ల వెనక నుంచి వచ్చింది. ముందు నడుస్తున్న ముసలాయన పేరు లక్మా. ఊరి దేవతకు పూజ చేసే వడ్డె. ఆయన వెనక ఇద్దరు మగవాళ్లు ఒక నడివయసు ఆడమనిషిని రెక్కలు పట్టుకుని తెస్తున్నారు. ఆమెను ట్యాంకు ముందు మోకాళ్ల మీద కూలేశారు.

"ఏంది పెద్దాయనా ఇది?" అన్నాడు బావ.

"ఊరి పని సారూ. మీరు పక్కకుండుండ్రి."

పక్కనున్న ఒకావిడ నాకు చెప్పింది. మోకాళ్ల మీదున్నది హిడ్మే. విధవరాలు. ఆమె మరిది ఇర్మా కొడుకు చిన్నా మొన్న జ్వరంతో పోయాడు. హిడ్మే చేతబడే కారణమని ఇర్మా అంటున్నాడు. తేల్చాల్సింది అమ్మవారు. హిడ్మే ముందు ఆకులో బియ్యం పెట్టి కోడిని వదులుతారు. కోడి తింటే హిడ్మే మంచిది.

"తినకపోతే?"

ఆమె గడ్డంతో ఇర్మా చేతిలోని గొడ్డలిని చూపించింది.

ఇందులో నాకు వింత ఏమీ తోచలేదు. నా పెళ్లి ఖాయం చేసేముందు మా అమ్మమ్మ అమ్మవారి భుజం మీద పువ్వు పెట్టి అడిగింది. కుడివైపు పడింది కాబట్టే బావ నా మొగుడయ్యాడు.

లక్మా మోదుగాకులో బియ్యం పోశాడు. "నిన్న పొద్దుగూకినకాంచి పస్తున్న కోడి. ఇంత ఆకలితో గూడ ముట్టకుంటే, అది అమ్మ మాటే" అని వంగి, స్తంభానికున్న తాడు విప్పాడు.

అది అదే కోడి.

కోడి బియ్యాన్ని చూసింది. రెండడుగులు వేసి, మట్టిలో కూర్చుని కళ్లు మూసుకుంది.

ఇర్మా కేక విన్నాను. అది కోపంలా లేదు, ఏడుపులా ఉంది. అతని గొడ్డలి వెనకవైపు మొద్దు హిడ్మే భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఎండుకొమ్మ విరిగినట్టే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె పక్కకు ఒరిగింది. వెదురు కర్రలు లేచాయి. ఎవరో జుట్టు పట్టి లాగారు, ఎవరో డొక్కలో తన్నారు. ఒక కర్ర కంటి మీద తగిలి నెత్తురు బియ్యంలోకి చిమ్మింది.

నేను ముందుకు కదిలాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"మాట్లాడకు. బైకెక్కు."

"బావా, మనం పెట్టాం దానికి..."

"తెలుసు. వాళ్లు మనల్ని బతకనివ్వరు. ఎక్కవే!"

గాజులు అతని పిడికిట్లో చిట్లి నా చర్మంలో దిగాయి. అతని మొహం బూడిద రంగులో ఉంది. ఆ మొహాన్ని నేనెప్పుడూ చూడలేదు.

"కోడికి మేమే తినిపించాం!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అరిచాను. ఈసారి కర్రలు ఆగాయి.

ఇర్మా తిరిగాడు. "ఏంది?"

"బూందీ పెట్టాం. దానికి ఆకలి లేదు. ఆమె తప్పు లేదన్నా!"

"అబద్ధం. దీన్ని కాపాడనీకి చెప్తున్నవ్."

నా మణికట్టు మీద పట్టు వదులైంది. బావ నన్ను వదిలి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పెట్టింది నేను. కోడిని కోసి చూడు."

ఇర్మా కోడిని ఎత్తి మెడ కింద కత్తి పెట్టి చీల్చాడు. పసుపుపచ్చటి బూందీ, నానిన మరమరాలు అతని వేళ్ల మీదుగా కారాయి. వాటినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గొడ్డలి ఎత్తి, వెనకవైపు మొద్దుతో బావ చేతి మీద కొట్టాడు.

"అమ్మ మాటను పాడు జేస్తవురా!"

బావ మోకాళ్ల మీద పడ్డాడు. ముంజేయి మధ్యలో వంగిపోయింది. నేను అతని మీద పడిపోయాను. ఎవరో నన్ను తన్నారు. "ఇంకో కోడిని తేండ్రి! మళ్లీ అడుగుదాం!" అన్నారెవరో. ఒకడు ఇళ్లవైపు పరుగెత్తాడు.

హిడ్మే ఇంకా ఊపిరి తీస్తోంది. మళ్లీ అడుగుతారు. ఆ కోడి బెదిరిపోయినా, నెత్తురు వాసనకు వెనక్కి తిరిగినా, ఇంక హిడ్మే ఉండదు.

అప్పుడు గుంపులోంచి ఒకామె నడిచి వచ్చింది. ఇర్మా భార్య సారలమ్మ. చిన్నా తల్లి. ఆకు ముందు కూర్చుని, నెత్తురంటిన బియ్యం గుప్పెడు తీసి నోట్లో పోసుకుంది.

"సారలా!" అన్నాడు ఇర్మా.

ఆమె నమిలింది. పచ్చిబియ్యం పళ్ల కింద నలిగే చప్పుడు అందరికీ వినపడింది. ఇంకో గుప్పెడు. ఇంకొకటి.

"ఆ రాత్రి నువ్వు జీపు కోసం రోడ్డు మీద ఉరికినవ్. నాకు కునుకొచ్చింది. అక్క కునుకు తీయలే. పోరని కాళ్లు ఒడిల పెట్టుకొని కూసున్నది" అంది నోటినిండా బియ్యంతో. "కోడి తినకుంటే నేను తింట. నన్ను గూడ గొట్టు."

ఇర్మా గొడ్డలి ఎత్తాడు. అది గాల్లోనే ఉండిపోయింది. తర్వాత కింద పడింది, దాని పక్కనే అతనూ.

లక్మా వంగి ఆకు తిప్పి చూశాడు. "ఆకుల గింజ లేదు" అన్నాడు నెమ్మదిగా. "అమ్మ తిన్నది. ఇగ పోండ్రి."

రోడ్డు మీద దొరికిన జీపులో బీజాపూర్ బయల్దేరాం. హిడ్మే తల సారలమ్మ ఒడిలో ఉంది. ఆమె బతికింది. ఎడమ కన్ను మాత్రం పోయింది.

దారి పొడవునా బావ విరిగిన చేతిని చొక్కాకు కట్టుకుని కళ్లు మూసుకున్నాడు. జీపు కుదిపినప్పుడల్లా మూలిగాడు. ఎక్కడో ఒకచోట కళ్లు తెరిచి నా మణికట్టు చూశాడు. గాజులు లేవు, అతని వేళ్లంత పొడవున గాట్లున్నాయి.

"నేనే కదా?" అన్నాడు.

"అవును" అన్నాను.

అతని జేబులో ఇప్పపువ్వు నలిగిపోయి ఉంది. నేను బావ మంచి చేతిని పట్టుకున్నాను. మా అమ్మమ్మ పువ్వు పెట్టిన రోజు గుడిలో ఫ్యాన్ తిరుగుతుండిందా అని గుర్తు చేసుకోబోయి, మానేశాను.