మారుపేరుతో పోయినవాడు

అన్యాయం ఎవరికి జరిగింది? క్లైవ్ టల్లీకి. ఎలా జరిగింది? దూరదేశపు యుద్ధంలో చేతులు కట్టేసిన ముగ్గురు రైతులను సొంత దేశపు సైనికులే కాల్చి చంపారన్న నిజాన్ని, రక్షణశాఖ ఉద్యోగి అయి ఉండి, అతను పత్రికకు చెప్పాడు. రాజధాని కాన్‌బెరాలో న్యాయస్థానం తలుపులు మూసి అతన్ని విచారించింది. దేశభద్రత పేరిట అతని పేరునే తుడిచివేసి, అలన్ మోస్ అన్న మారుపేరుతో జైలుకు పంపింది. ఆ మోస్ ఎవరో బయట చెప్పినవారికీ జైలే. కాల్చినవారికి మాత్రం పతకాలు మిగిలాయి.

నాలుగో శీతాకాలంలో క్లైవ్ గుండె ఆగిపోయింది. జైలువారు ఆజ్ఞను ఎంత భక్తిగా పాటించారంటే, మరణపత్రం మీద కూడా అలన్ మోస్ అనే రాశారు.

భార్య నోరీన్ మార్చురీ కిటికీ ముందు నిలబడింది.

"క్లైవ్ టల్లీ అని ఇక్కడెవరూ లేరమ్మా," అన్నాడు గుమాస్తా.

"మోస్ ఉన్నాడుగా? ఆయనే మా ఆయన."

అతను గొంతు తగ్గించాడు. "ఆ మాట మళ్లీ అనకండి. ఇద్దరం లోపలికి పోతాం. మోస్‌కి బంధువులెవరూ లేరని ఉంది. వచ్చేవారం ప్రభుత్వమే పూడ్చేస్తుంది."

"ఇన్నేళ్లూ ఆయన చొక్కాలు ఇస్త్రీ చేశాను. మరి నేనెవర్ని?"

గుమాస్తా కిటికీ మూసేశాడు.

ఆమె బస్సెక్కి తిన్నగా ఫెర్గస్ డార్బీ ఇంటికి వెళ్లింది. క్లైవ్ చెప్పిన నిజాన్ని అచ్చువేసిన విలేకరి అతనే. ఫెర్గస్ టీ పోస్తుంటే సగం సాసరులో పడింది.

"పాలు వెయ్యనా, నోరీన్?"

"టీకి రాలేదు. నీ మీద సాక్ష్యం చెబితే ఆయన శిక్ష సగానికి తగ్గిస్తామన్నారు. చెప్పాడా?"

"చెప్పలేదు."

"నువ్వు బహుమతులు పుచ్చుకున్నావు. ఆయన మోస్‌గా మట్టిలో కలుస్తున్నాడు."

"ఆయన పేరు అచ్చువేస్తే నన్ను పట్టుకుపోతారు."

"పోనీ. అక్కడ ఆయన మంచం ఖాళీగానే ఉంది."

ఫెర్గస్ నవ్వబోయాడు, చేతకాలేదు. టీకప్పు పక్కకు జరిపి కాగితం, కలం ముందుకు లాక్కున్నాడు. "ఆయన మంచి ఫొటో ఒకటివ్వు," అన్నాడు చివరికి.

మర్నాటి సంచికలో మొదటి పుట నిండా క్లైవ్ టల్లీ: అతని ముఖం, అతను చేసిన పని, అతనికి చేసిన ద్రోహం. అడుగున ఫెర్గస్ పేరు. రహస్యం వీధిన పడ్డాక ఆజ్ఞకు కాపాడవలసినదేమీ మిగలలేదు. మరణపత్రం దిద్దారు, భర్తను భార్యకు అప్పగించారు. ఫెర్గస్‌ను మాత్రం విడిచిపెట్టలేదు.

అంత్యక్రియలైన కొన్ని నెలలకు నోరీన్ జైలుకు వెళ్లింది. గాజుపలకకు అవతల ఫెర్గస్ బాగా చిక్కిపోయి ఉన్నాడు.

"సమాధి రాతి మీద ఏం చెక్కించావు?"

"క్లైవ్ ఎడ్వర్డ్ టల్లీ. అంతే."

"అంతే చాలు." ముఖం గాజుకు దగ్గరగా తెచ్చి అడిగాడు. "ఆయనకి నేనింకేమైనా బాకీ ఉన్నానా, నోరీన్?"

భర్త పోయిననాడు కూడా ఏడవని మనిషి కళ్లు తుడుచుకుంది.

"లేదు నాయనా. మొత్తం తీరిపోయింది."