పరుపుల పెద్దమ్మ, పరుగుల కారు

పెద్దమ్మ పరుపులమ్మి కూడబెట్టిందంతా చెల్లెలి కొడుకు కొత్తగా పెట్టిన రేసు కారు టీములో పోసింది. పరుపుల డబ్బు పరుగులకెళ్లి, ఏడాది తిరక్కుండా పరువు మీదికొచ్చింది. ఆ కారు ఏ రేసులోనూ పట్టుమని పది ల్యాపులు తిరిగిన పాపాన పోలేదు మరి. ల్యాపులు తక్కువ, లోపాలు ఎక్కువ.

"ఈసారి నేనే వచ్చి చూస్తాన్రా. బండి ఆగిందా, నా డబ్బూ ఆగిపోతుంది," అని ఫోన్లో తేల్చేసింది. డబ్బు ఆగితే టీము మూతే.

ఆ చెల్లెలి కొడుకుని అందరూ 'జోరు' అంటారు. బండిలో లేని జోరంతా మాటల్లోనే ఉంటుంది. రేసు రోజు పొద్దున్నే మెకానిక్కులను పోగేశాడు.

"పెద్దమ్మ అడిగితే నమ్మకం ఉందనాలి. అందరూ ఒకటే మాట!"

"దేని మీద?" అన్నాడు హెడ్ మెకానిక్కు డౌటన్న.

"బండి మీదన్నా!"

"ఆ ఇంజను విప్పి చూసినవాణ్ణి నేను. సరేలే, అంటాను. అనడానికేం పోయింది!"

పెద్దమ్మ వచ్చింది. గ్యారేజీలో వేసిన కుర్చీని కూర్చోకముందే నొక్కి చూసి, "స్పాంజి. అదీ నాసిరకం," అంది. తర్వాత మనిషిని నొక్కింది. "ఏం నాయనా, నమ్మకం ఉందా?"

"బోలెడుందమ్మా," అన్నాడు డౌటన్న, నేల చూపులు చూస్తూ.

రేసు మొదలైంది. స్టీరింగు జోరు బావమరిది చేతిలో ఉంది. పెద్దమ్మ కళ్లు టీవీ మీద, జోరు కళ్లు పెద్దమ్మ మీద. కారు తిరుగుతోంది. పదో ల్యాపూ దాటింది!

"చూశావా పెద్దమ్మా! ఇంకా తిరుగుతోంది!"

"తిరక్క? దానికున్న పనే అది కదరా."

అంతలో స్పీకర్లో బావమరిది కేక. "బావా, టైర్లరిగిపోయాయి! మార్చాలి, లోపలికొస్తున్నా!"

టీము పుట్టాక ఆ మాట వినడం అదే మొదలు. కారొచ్చి ఆగింది. మెకానిక్కులు చుట్టూ మూగారు. ఒక్కడి చేతిలోనూ టైరు లేదు.

"అన్నా, టైర్లేవి?"

"లారీలో."

"లారీలో ఏం చేస్తున్నాయి?"

"సర్దేశాం. ఎప్పట్లాగే, ఐదో ల్యాపుకి," డౌటన్న గొంతు సవరించుకున్నాడు. "రేసు చూసే జనం లేవకముందే బయటపడితే దారి దొరుకుతుందని... జాకీ అయితే బాగా అడుగునుంది."

టైర్లు రాకముందే జోరు టైరైపోయాడు. బావమరిది హెల్మెట్ అద్దం ఎత్తాడు. "నన్ను కూడా సర్దేస్తారా బావా?"

అప్పటికే పెద్దమ్మ లారీ ఎక్కేసింది. ఏళ్ల తరబడి పరుపులెత్తిన చేతులు పెట్టెలు పక్కకి నెట్టి, టైరొకటి కిందికి దొర్లించాయి. "అందుకోండర్రా! గుడ్లప్పగించి చూస్తారేం?"

కారు మళ్లీ వెళ్లింది. అందరికంటే ఆఖర్న వచ్చింది. అయితేనేం, రేసు పూర్తిచేసింది.

జోరు తలొంచుకుని నిలబడ్డాడు. "పెద్దమ్మా, మరి డబ్బు..."

"బండి ఆగితే ఆపుతానన్నా. ఆగిందా?"

"లేదు. మనమే ఆపేశాం."

"మరింకేం? బండి మీద నాకు అనుమానం లేదు." డౌటన్న వైపు చెయ్యి చాపింది. "లారీ తాళం చెవి ఇటివ్వు."

"ఎందుకమ్మా?"

"ఇకమీదట రేసు రోజున సామానంతా దించాక, ఆఖరి జెండా ఊపేదాకా లారీకి తాళమే. చెవి నా సంచిలో ఉంటుంది."

డౌటన్న తల గోక్కుంటూ ఇచ్చాడు. "అంటే... ప్రతి రేసుకీ వస్తారన్నమాట?"

"వస్తా. ఆ కుర్చీలోకి పరుపు మాత్రం నేనే తెచ్చుకుంటా."