దస్తూరి

"నీ దస్తూరి గుండ్రంగా, పొందికగా ఉంటుందని మండలి పెద్దాయనతో నేనే చెప్పాను" అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను అతని తెల్లచొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. ప్రార్థన హాలుకి వచ్చే మగవాళ్లంతా తెల్లవే వేసుకోవాలని, హాలు నడిపే మండలి చెప్పినప్పటి నుంచి వారానికి ఆరు తెల్లచొక్కాలు నానబెట్టడం, కాలర్లు బ్రష్షుతో రుద్దడం, ఆరేయడం, ఇస్త్రీ చేయడం నా పనుల్లో కలిశాయి. పవిత్రత అతనిది, మురికి వదిలించడం నాది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో నాలో ఫలానాది బాగుందని అతని నోట నేను వినలేదు. కూర నచ్చితే ఇంకొంచెం వేసుకుంటాడు, అదే మెప్పు. అందుకే ఆ మాట వినగానే ముందు నాకు సంతోషమే కలిగింది. సిగ్గుపడుతూనే చెప్తున్నాను ఈ సంగతి. నా దస్తూరితో పెద్దాయనకేం పని అని అడగాలని ఆ తర్వాత తోచింది.

"మీ మందుల షాపులో ఒక పుస్తకం పెట్టమంటున్నారు. పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలుంటాయి కదా, అవి కొనే ఆడవాళ్ల పేర్లు రాయాలి. మొగుడి పేరు, వీధి, మొగుడి దగ్గర్నుంచి చీటీ తెచ్చిందా లేదా. అంతే."

"ఎందుకండీ?"

"ఎందుకేంటి? దేవుడిచ్చేదాన్ని వద్దనేవాళ్లెవరో తెలియొద్దూ? అదిగో, కాలరు మీద మడత పడింది చూడు."

మడత తీశాను.

మా ఆయన ముందునుంచీ ఇలాంటి మనిషి కాదు. ఈ మాట ఇప్పుడు మా వీధిలో చాలామంది ఆడవాళ్లు అంటున్నారు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పని చేసుకుంటూ గట్టిగా పాడేవాడు. ఇరుక్కుపోయిన లిఫ్టు దగ్గర కూర్చుని లోపలివాళ్లకి జోకులు చెప్పేవాడు. మూడేళ్ల క్రితం అతనితో కలిసి పనిచేసే స్నేహితుడు ఆరో అంతస్తు నుంచి లిఫ్టు గుంతలో పడి చనిపోయాడు. పైన టార్చి పట్టుకున్నది మా ఆయనే. ఆ తర్వాత రెండు నెలలు తిండి సయించలేదు, కన్ను మూతపడలేదు. ఎవరో ప్రార్థన హాలుకి తీసుకెళ్లారు. అక్కడినుంచి వచ్చి ఆ రోజు పసిపిల్లాడిలా నిద్రపోయాడు. ఆ నిద్ర చూసి నేనూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. దేవుడితో నాకెప్పుడూ పేచీ లేదు. ఆ నిద్రకి బదులుగా మా ఇంట్లోంచి ఏమేం పోతున్నాయో మాత్రం చూసుకోలేదు. మొదట పాటలు పోయాయి. తర్వాత టీవీ. ఆ తర్వాత నా స్కూటరు. "ఆడది బండి మీద పోతుంటే నలుగురూ చూస్తారు, నాకు బాగోదు" అన్నాడు. బస్సులో నలుగురి మధ్య ఒత్తుకుంటూ నిలబడితే ఎవరూ చూడరు కాబోలు.

"తాగడు, తిరగడు, వేళకి ఇల్లు చేరతాడు. ఇంకేం కావాలే నీకు? మీ మామగారితో నేను పడ్డది నువ్వు పడుంటే తెలిసేది" అనేది అత్తయ్య. ఆవిడ మాట తీసిపారేయలేను. వేళకి రాని మొగుడితో వేగిన మనిషికి, వేళకి వచ్చే కొడుకు వరమే.

నెలకి రెండుసార్లు మండలి సమావేశం మా ముందుగదిలోనే జరిగేది. పన్నెండు మంది మగవాళ్లు. ఒకసారి ఆడవాళ్లు ఉద్యోగాలు చేయడం మీద చర్చ. ఆ చర్చకి టీ పెట్టింది అప్పుడే ఉద్యోగం నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోని ఆడది. నేను ట్రేతో గదిలోకి వెళ్లగానే మాటలు ఆగిపోయాయి. అది మర్యాద అనుకునేదాన్ని. గదిలోకి ఏదో వాసన వస్తే ముఖాలు అలాగే అవుతాయని చాలా రోజులకి గాని తెలియలేదు. నన్ను ఉద్యోగం మాన్పించకపోవడానికి కారణం ఒక్కటే. షాపు లైసెన్సు నా చదువు మీద నడుస్తోంది. ఫార్మసిస్టుగా నా సర్టిఫికెట్టు కౌంటరు వెనక గోడకి వేలాడుతుంటుంది. నేను లేకపోతే షాపు మూయాలి, షాపు మూస్తే మండలి పెద్దలకి కూడా బీపీ మాత్రలుండవు.

మా ఓనరు పెద్దవయసు మనిషి. పుస్తకం సంగతి చెప్పగానే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. పక్కవీధి షాపువాడు కుదరదన్నందుకు వారం క్రితమే అతని అద్దాలు పగిలాయి. "అమ్మా, పోట్లాడే వయసు కాదు నాది. రాసెయ్యి. రాసినంత మాత్రాన ఏమవుతుంది?" అన్నారు.

ఏమవుతుంది అని నేనూ అనుకున్నాను. స్కేలు పెట్టి గడులు గీశాను. పేరు, వీధి, భర్త పేరు, చీటీ. వచ్చినవాళ్లలో కొందరు నా ముఖం చూసి, పుస్తకం చూసి, దగ్గుమందు అడిగి వెళ్లిపోయేవారు. గత్యంతరం లేనివాళ్లు గొంతు తగ్గించి పేరు చెప్పేవారు. శనివారం సాయంత్రం మండలి కార్యకర్త ఒకడు వచ్చి ఆ వారం కాగితం చింపుకుని వెళ్లేవాడు.

మూడో వారంలో మా పాప లెక్కల టీచరు వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. నలభై దాటిన మనిషి, నవ్వితే చిన్నపిల్లలా ఉంటుంది. నెలనెలా రక్తం ఆగకుండా పోతుంటే డాక్టరు ఆ మాత్రలే రాశాడు. రెండేళ్లుగా ఆ మందు ఇస్తున్నది నేనే.

"నాకు మొగుడు లేడుగా, ఆ గడిలో ఏం రాస్తారండీ?" అని నవ్వింది.

"లేడు" అని రాశాను. జబ్బు రాయడానికి గడి లేదు. పక్కన మార్జిన్లో రాయొచ్చు. గడి దాటి రాస్తే పేజీ చూడ్డానికి బాగోదనిపించింది. ఈ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఒక మనిషి బతుకు ఒక పక్క, నా పేజీ అందం ఒక పక్క ఉంటే, నేను పేజీ వైపు మొగ్గాను.

ఆ వారం సెలవునాడు హాల్లో మొదటిసారి కాగితం చదివారు. చదివింది మా ఆయనే. గొంతు బాగుంటుందని ఆ పని అతనికి అప్పజెప్పారు. ఆడవాళ్లం తెర వెనక కూర్చున్నాం. ఒకప్పుడు పాటలు పాడిన ఆ గొంతే టీచరు పేరు పలికి, "భర్త, లేడు" అంది. హాల్లో చిన్న గుసగుస లేచింది. నా చేతిలో ఉన్న మా పాప చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. దానికి పన్నెండేళ్లు.

ఇంటికొచ్చాక అడిగింది. "అమ్మా, టీచర్ పేరు వాళ్లకెవరిచ్చారు?"

"షాపులో పుస్తకం ఉంది" అన్నాను.

"పుస్తకం దానంతటది రాసుకుంటుందా?"

అత్తయ్య కసిరింది. "పెద్దవాళ్లతో అవేం మాటలే?"

మర్నాడు స్కూలు గేటు దగ్గర తెల్లచొక్కాలు నిలబడ్డాయి. వాటిలో ఒకటి నేను ఇస్త్రీ చేసింది. ఎవరూ అరవలేదు, ఎవరి మీదా చెయ్యి వేయలేదు. ఊరికే నిలబడ్డారు. నాలుగు రోజులకే సగంమంది పిల్లలు ఆవిడ క్లాసు మానేశారు. ఆరో రోజు ఇక రావద్దని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది.

ఊరు వదిలే ముందు టీచరు మందు కోసం షాపుకొచ్చింది. కౌంటరు మీద పుస్తకం తెరిచే ఉంది. దానివైపు కాసేపు చూసింది.

"మీ దస్తూరి చాలా బాగుంటుందండీ. మా పిల్లలకి చూపించాలనిపించేంత బాగుంటుంది. హెడ్‌మిస్ట్రెస్ నాకా కాగితం చూపించింది."

"నన్ను రాయమన్నారండీ. నా చేతుల్లో ఏముంది?" అన్నాను. చేతిలో పెన్ను ఉంది.

ఆవిడ తిట్టలేదు. తిడితే తేలికపడేదాన్నేమో. "మందు వద్దులెండి" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ మందు లేకపోతే ఆవిడకేమవుతుందో ఆ వీధి మొత్తం మీద తెలిసింది నాకొక్కదానికే. పిలవలేదు.

ఆ తర్వాత వారం పదిహేడు మంది వచ్చారు. మొదట వచ్చింది బేకరీలో పనిచేసే అమ్మాయి. చంకలో ఒకడు, చెయ్యి పట్టుకుని ఒకతె, మూడోది అప్పుడే నడక నేర్చి ఆవిడ బట్టలు లాగుతోంది. పేరు చెప్పబోయింది. "అక్కర్లేదమ్మా, నాకు తెలుసు" అన్నాను. పెన్ను తీసి నా పేరు రాశాను. మా వీధి రాశాను. భర్త గడిలో మా ఆయన పేరు రాశాను. చీటీ తెచ్చిందా అన్నచోట "తేలేదు" అని రాశాను. ఆ వారమంతా పదిహేడు వరసలూ అలాగే రాశాను. చెయ్యి వణికిందని చెప్తే బాగుంటుంది కాని, వణకలేదు. మొదటి గీత దగ్గరే భయం వేసింది, మూడో గీతకి అలవాటైపోయింది. తప్పుడు పనికి అలవాటుపడ్డ చెయ్యి దీనికెందుకు పడదు!

శనివారం కార్యకర్త కాగితం చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు హాల్లో మా ఆయన గొంతు సవరించుకున్నాడు. మొదటి పేరు చదివాడు. నా పేరు అంత స్పష్టంగా, పూర్తిగా అతను పలకడం నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో "ఏమే" అంటాడు. భర్త పేరు దగ్గర ఆగిపోయాడు.

"చదువు తమ్ముడూ" అన్నాడు పెద్దాయన.

తన పేరు తనే చదువుకున్నాడు. "చీటీ, తేలేదు." రెండోది మొదలుపెట్టాడు. మూడోది ఎత్తుకోబోయి, కాగితం చివరిదాకా చూసి దించేశాడు. తెర ఇవతల ఆడవాళ్లంతా నావైపు తిరిగారు. బేకరీ అమ్మాయి తల వంచుకుని పిల్లవాడి జుట్టులో ముఖం దాచుకుంది. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడతారని నేనూ అనుకోలేదు. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని, "ఏం చేశావే?" అంది. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

ఇంట్లో అతను కుర్చీలో కూలబడ్డాడు. "పదిహేడుసార్లు నా పేరు. అంతమంది ముందు! అసలు ఆ మాత్రలు కొన్నదెవరు? పేర్లు చెప్పు."

"అన్నీ నావేనండీ."

"పిచ్చిదానిలా మాట్లాడకు."

"రాసింది చదివారు కదా. నా దస్తూరి మీకు అర్థం కాకపోతుందా?"

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కాసేపటికి, ఎన్నో ఏళ్లుగా వినని మెత్తని గొంతుతో అన్నాడు. "వచ్చే సెలవునాడు హాల్లో నిలబడి తప్పయిపోయిందని చెప్పు. పెద్దాయన అంతకంటే ఏమీ అడగట్లేదు. ఒక్కమాట. నాకోసం." అతని ముఖంలోకి చూశాను. లిఫ్టు గుంత అంచున నిలబడ్డ మనిషి ముఖం అలాగే ఉండుంటుంది. జాలేసింది. ఆ జాలితోనే స్కూటరు తాళం ఇచ్చాను, ఆ జాలితోనే గడులు గీశాను. ఇంకా ఎంత దూరం తీసుకెళ్తుందో ఆ జాలి!

సోమవారం షాపుకి వెళ్లేసరికి ఓనరు గోడమీంచి నా సర్టిఫికెట్టు దించి, న్యూస్‌పేపరులో చుట్టి ఉంచారు. "వేరే మనిషిని పెట్టుకోమన్నారమ్మా" అన్నారు, నా ముఖంలోకి చూడకుండా. నేను లోపలికెళ్లి టీచరు వాడే మందు ఆరు నెలలకి సరిపడా తీసి బిల్లు వేశాను. ఎవరికని ఆయన అడగలేదు. పుస్తకం వైపు చెయ్యి చాపలేదు. ఆయనకున్న ధైర్యం అంతా ఆ నిమిషంలో ఖర్చుపెట్టారు.

టీచరు ఎక్కడుందో స్కూలు ఆయా చెప్పింది. బస్సులో రెండు గంటల దారి.

సెలవునాడు మా ఆయన తొందరగా హాలుకి వెళ్లాడు. "టైముకి వచ్చెయ్యి, మొదటే పిలుస్తారు" అని రెండుసార్లు చెప్పాడు. నేను పాపకి జడ వేసి, సంచి భుజాన వేసుకున్నాను.

"ఎక్కడికే?" అంది అత్తయ్య.

"క్షమాపణ అడగడానికి, అత్తయ్యా."

"హాలుకైతే సంచెందుకు?"

"హాలుకి కాదు."

ఆవిడ నన్నూ పాపనూ మార్చి మార్చి చూసింది. "వాడొచ్చి అడిగితే ఏం చెప్పను?"

"నిజమే చెప్పండి."

"నాకేం తెలుసే నిజం? నేను నిద్రపోతున్నానుగా!" అని మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున్న తొమ్మిది గంటలప్పుడు.

టీచరు ఒక్క గదిలో ఉంటోంది. తలుపు తీసి నన్ను చూసి ద్వారబంధం పట్టుకుంది. ఈ రెండు మూడు వారాల్లో ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. నేను బస్సులో కూడదీసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మందు ఆవిడ చేతిలో పెట్టాను.

"రాయమన్నది వాళ్లేనండీ. రాసింది మాత్రం నేను. మీ జబ్బు సంగతి తెలిసి కూడా రాసింది నేను. నన్ను క్షమించండి" అన్నాను.

ఆవిడ మా పాప తల మీద చెయ్యి వేసింది.

"పాపని లోపలికి రమ్మనండి" అంది. "మిమ్మల్ని రమ్మనలేను. ఇవాళ నావల్ల కాదు."

"వద్దండీ. నేనిక్కడే కూర్చుంటాను."

మెట్టు మీద కూర్చున్నాను. లోపల పాప ఏదో అడుగుతోంది, టీచరు మెల్లగా చెప్తోంది. ఈపాటికి హాల్లో నా పేరు పిలిచి ఉంటారు. తెల్లచొక్కాల వరసల్లో మా ఆయన గుమ్మం వైపు చూస్తూ ఉంటాడు. నా దగ్గరున్నది ఒక్క క్షమాపణే. దాన్ని ఇక్కడ ఇచ్చేశాను.