మేడమ్, ఫోన్ పెట్టెయ్యకండి

"నీ నంబరే ఇచ్చాను. ఎవరైనా చేస్తే మాట్లాడు."

మా ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదేననుకుంటాను. ఏ ఫారం నింపినా ఫోన్ నంబర్ అన్నచోట నాది వేస్తారు. ఆఫీసులో ఉండగా ఫోన్లు వస్తే ఆయనకు చిరాకు. అందుకని గ్యాస్ వాళ్ళూ, కొరియర్ వాళ్ళూ, ఆయన బండి సర్వీసింగ్ వాళ్ళూ, ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ళూ అందరూ నా చెవిలోనే జోరీగల్లా తిరుగుతుంటారు. మధ్యాహ్నం దాకా పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని ఫోన్లు ఎత్తుతాను, ఇంటికొచ్చి మళ్ళీ ఎత్తుతాను. అక్కడ జీతమిస్తారు. ఇక్కడ "ఫోనెత్తడం కూడా ఓ పనేనా?" అంటారు.

ఆ రోజు ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే మోగింది. చెయ్యి ఖాళీ లేక స్పీకర్లో పెట్టాను.

"మేడమ్, రికవరీ డిపార్ట్‌మెంట్ నుంచి. మీ ఆయన లోన్ తీసుకుని ఎగ్గొట్టారు. అరగంటలో మా వాళ్ళు పోలీసుల్ని తీసుకుని మీ ఇంటికొస్తారు. మీకు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు వెళ్తాయి. ఇప్పటికిప్పుడు సగం పంపితే నేను ఆపిస్తాను. మేడమ్, ఫోన్ పెట్టెయ్యకండి."

అబద్ధమెందుకు, నమ్మేశాను. ఎందుకు నమ్మను? ఈ ఇంటికి అప్పుందో లేదో నాకు తెలిస్తే కదా! ఆయన బండి అప్పు మీద కొన్నారని నాకు చెప్పింది కూడా, వాయిదా గుర్తుచెయ్యడానికి ఫోన్ చేసిన బ్యాంకమ్మాయే. ఇంట్లో అడిగితే, "చెప్తే ఏం చేస్తావ్, నువ్వు తీరుస్తావా?" అన్నారు. తీరుస్తూనే ఉన్నానని తర్వాత తెలిసింది, వాయిదాలు నా జీతం పడే ఖాతాలోంచే పోతున్నాయి. కాగితాల మీద నా సంతకం ఉండే ఉంటుంది. ఆయన "ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తారు, స్టవ్ మీద ఏదో మాడుతుంటుంది, నేను గీకేసి వంటింట్లోకి పరిగెడతాను. నా మీద ఎంత బాకీ ఉందో నాకే తెలియదన్న సంగతి మీదే ఈ ఫోన్లోవాడు వ్యాపారం చేస్తున్నాడని ఆ క్షణాన తట్టలేదు.

లోపలి గదిలోంచి అత్తయ్య వచ్చేశారు. మోకాళ్ళ ఆపరేషన్‌కని దాచుకున్న డబ్బు సంచి చేతిలో ఉంది. "నీ ఫోన్లోంచి పంపించెయ్ అమ్మాయ్, ఇదిగో, ఇవి నువ్వు తీసుకో. పోలీసులొస్తే మన పరువు బజారున పడుతుంది." ఆవిడ సంచి ముడి విప్పి నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"ఒక్క నిమిషం, మా ఆయన్ని అడిగి చెప్తాను," అన్నాను.

"ఆయనకు చెప్పొద్దు! చెప్తే కేసు పెద్దదవుతుంది. మీకెందుకు మేడమ్ అవన్నీ? చెప్పింది చెయ్యండి."

ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టాను. ఈ మాటలు నాకు తెలుసు. నీకెందుకు, చెప్పింది చెయ్యి, ఇప్పుడే చెయ్యి, బయట అనకు, నలుగురూ ఏమనుకుంటారు... పెళ్ళయినప్పట్నుంచీ వింటున్నవే. డెంటల్ అసిస్టెంట్ శిక్షణకు క్లినిక్ వాళ్ళు పంపుతామన్నప్పుడు వద్దని రాసిచ్చింది ఈ మాటలు వినే. మా చెల్లి కాన్పుకు వెళ్ళకుండా ఆగిపోయిందీ వీటివల్లే. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా భయపెడితే ఆడది చెప్పినట్టు వింటుందని వీడికెవరో బాగానే నేర్పారు. అప్పు నిజమైతే రేపూ నిజమే, ఎల్లుండీ నిజమే. మరి వీడికింత తొందరెందుకు? కోపం వచ్చింది. చాలా హాయైన కోపం.

"మీ పేరు చెప్పండి, రాసుకుంటాను," అన్నాను, క్లినిక్‌లో మాట్లాడే గొంతుతో.

"పేరెందుకు మేడమ్?"

"పోనీ ఏ బ్యాంకు? ఎప్పుడిచ్చారు? లోన్ నంబరెంత?"

"అవన్నీ మీ ఆయన్ని అడగండి!"

"ఆయనకు చెప్పొద్దని మీరేగా ఇప్పుడన్నారు?"

వెంటనే మాట మార్చాడు. "మీ కార్డు నంబర్ చెప్పండి, వివరాలు చూసి చెప్తాను."

"కార్డు నంబరూ చెప్పను, ఓటీపీ కూడా చెప్పను. బాకీ ఉంటే కాగితం మీద రాసి పోస్టులో పంపండి. పోలీసుల్ని పంపుతున్నారుగా, అడ్రసు మీ దగ్గర ఉండే ఉంటుంది."

అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? పోలీసులొస్తే అప్పుడు తెలుస్తుంది!"

"రమ్మనండి. నేనూ వాళ్ళకే ఫోన్ చేస్తున్నాను."

టక్కున పెట్టేశాడు. నేను పాస్‌బుక్ తీసి దానిమీదున్న నంబరుకు చేశాను. బ్యాంకమ్మాయి నా వివరాలడిగి, చూసి చెప్పింది, ఎగ్గొట్టినదేమీ లేదని, ఇలా బెదిరించి చాలామంది దగ్గర గుంజుతున్నారని, పైసా పంపొద్దని. ఇంకోమాట కూడా చెప్పింది. మా ఇద్దరి సంతకాలతో రెండు అప్పులున్నాయట. బండిది కాక ఇంకొకటి, బండికన్నా పెద్దది. దేనికని అడిగితే, కాగితాలు చూడాలంటే స్వయంగా రమ్మంది.

పోలీసులకు ఫిర్యాదు చేసి, వాడి నంబరిచ్చి, మిగతా చొక్కాలు అలాగే వదిలేశాను.

సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే అత్తయ్య జరిగిందంతా వాడి గొంతుతో సహా అభినయించి చెప్పారు. ఆయన పడీపడీ నవ్వారు. "గట్టిదానివే! అయినా నాకో ఫోన్ కొడితే పోయేదిగా, నేను చూసుకునేవాణ్ణి."

"రెండో అప్పు దేనికి?" అన్నాను.

బూట్లు విప్పుతున్న చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు నీకు? నేను కట్టుకుంటున్నాగా. అవన్నీ నీకెందుకు?"

"వాడూ అచ్చం ఇలాగే అన్నాడు."

ఆయన మొహం ఎర్రబడింది. ఇంకోరోజైతే ఆ రంగు చూడగానే మంచినీళ్ళు తేవడానికి లేచేదాన్ని. నేను కదల్లేదు.

"వాడు అబద్ధం చెప్తున్నాడని పావుగంటలో కనిపెట్టాను. మీరు నిజం చెప్తున్నారో లేదో ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. రేపు సెలవు పెట్టాను. బ్యాంకుకెళ్ళి నా సంతకమున్న ప్రతి కాగితం కూర్చుని చదువుతాను. మీరొస్తే సరే, రాకపోయినా సరే."

ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగారు. "చూశావా అమ్మా, ఎలా మాట్లాడుతోందో! నువ్వైనా చెప్పు."

అత్తయ్య కుర్చీ లాక్కుని కొడుకు ఎదురుగా కూర్చున్నారు.

"చూశాను. మీ నాన్న చూపించిన చోటా పెట్టాను సంతకాలు, నువ్వు చూపించిన చోటా పెట్టాను. ఒక్కటీ చదవలేదు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "పొద్దున ఎన్నింటికి బయల్దేరదాం అమ్మాయ్?"