మడి కట్టిన మిషను

బాగేపల్లిలో రామచంద్రప్ప స్టూడియో ఎక్కడని అడిగినవాడు ఊరికి కొత్తవాడై ఉండాలి, లేదా పెళ్ళి ఊసే ఎత్తని బ్రహ్మచారి అయినా అయి ఉండాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళూ, నామకరణాలూ, గృహప్రవేశాలూ ఆయన కెమెరా ముందే జరిగాయి. అటు చేలూరు, ఇటు చింతామణి, చిక్కబళ్ళాపుర దాకా ఆయన్ని పిలవని శుభకార్యం తక్కువ. తీసిన ఫోటోలన్నీ స్టూడియో లోపలి గదిలో ఉన్న ఒకే ఒక కంప్యూటర్లో దాచాడు. ఆయన దాన్ని కంప్యూటర్ అనడు. మిషను అంటాడు, అదీ గౌరవంగా.

ఆ మిషనుకు మడి ఉంది. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. వైరస్ అనేది పరాయివాళ్ళ పెన్‌డ్రైవులో కూర్చుని ఊరూరూ తిరుగుతుందని ఆయనకు ఎవరో ఎప్పుడో చెప్పారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆయన ఓ ఆచారమే కట్టేశాడు. ఎవరైనా పెన్‌డ్రైవు తెస్తే గడప దగ్గరే ఆపి పక్కనున్న జెరాక్సు అంగడికి పంపేసేవాడు. ఆ గదిలోకి చెప్పులతో రాకూడదు. ఆయనా, కోడలు ప్రమోదా తప్ప మూడో మనిషి మిషనును ముట్టకూడదు. పొద్దున్నే దానికో ఊదుబత్తి. ఇంత మడిగా ఉన్నదాన్ని ఏ రోగం అంటుతుంది చెప్పండి?

ప్రమోద చింతామణి పిల్ల. ఆల్బమ్‌లు కూర్చేది ఆమే. ఈ ఫోటోలన్నిటికీ ఇంకో డిస్కులో నకలు తీసి ఇంట్లో పెడదామని కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ అడుగుతూనే ఉంది. రామచంద్రప్పకు అది పిల్ల వచ్చి గుడ్డును వెక్కిరించినట్టు ఉండేది. ఒక ఇంట్లో జ్వరముంటే ఇంకో ఇంటికి అంటించుకుంటామా, నకళ్ళు ఎక్కువైన కొద్దీ రోగాలు ఎక్కువ అనేవాడు. అయినా దొంగ అనేవాడు వస్తే బంగారం అంగడికి పోతాడు, బ్యాంకుకు పోతాడు. పెళ్ళి పంక్తిలో అన్నం తింటున్న మనవాళ్ళ బొమ్మలు వాడేం చేసుకుంటాడు? మామగారితో వాదనెందుకని ప్రమోద మళ్ళీ ఆల్బమ్ పనిలో పడేది.

స్టూడియోకు వచ్చే గిరాకీలకు కూడా ఆయన ఆ ధైర్యమే నూరిపోసేవాడు. "ప్రింటు ఇప్పుడెందుకప్పా, నా మిషన్లో ఉండాది. ఎప్పుడు కావాలన్నా రా" అనేవాడు. ఇచ్చి ఇచ్చి ఆ మాట స్టూడియో బోర్డు కన్నా పెద్దదయింది. జనం నమ్మారు. నమ్మకేం, ఆయన ఎన్నడూ మాట తప్పినవాడు కాదు.

దసరాకు ముందు పాతపాళ్యం దగ్గరి పల్లెలో మునిశామప్ప పోయాడు. చాలాకాలం మంచం పట్టి, కండ కరిగి, సగం మనిషై పోయిన రైతు. భార్య అక్కయమ్మ, కొడుకు నాగేశ్ చేత రామచంద్రప్పకు ఫోన్ చేయించింది. దినాల రోజు పెట్టడానికి పటం కావాలి. ఆధార్ కార్డులో ఫోటో ఉంది గానీ, అందులో ఆయన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. బాగున్న రోజుల్లో ఒంటరిగా తీసిన ఫోటో లోకం మొత్తానికీ ఒకటే ఉంది. చింతామణిలో మనవరాలి పెళ్ళినాడు, వంటల పందిరి వెనక కుర్చీ వేసుకుని ఎవరి మాటకో పడీ పడీ నవ్వుతూంటే, రామచంద్రప్ప తన ముచ్చట కొద్దీ తీసింది. ఆల్బమ్‌లో చేర్చలేదు, ప్రింటూ వేయలేదు. మామూలే, మిషన్లో ఉంది కదా.

"ఉండాదమ్మా, భద్రంగా ఉండాది. పండగ పోనీ, పటం కట్టించి నేనే తెస్తా" అని ఆయన అక్కయమ్మకు మాట ఇచ్చాడు.

ఆయుధపూజ ముందురోజు, ఆయనకు ఫ్రేములు పంపే బెంగళూరు వ్యాపారి నంబరు నుంచి ఒక ఫైలు వచ్చింది. పండగ ధరలట. రామచంద్రప్ప దాన్ని మిషను మీదే తెరిచాడు. ధరలేమీ కనిపించలేదు గానీ, డబ్బు పోసి వేయించుకున్న యాంటీవైరస్ మాత్రం ఎర్రగా అరిచింది. ఆయనకు చిరాకు వేసింది. పంపినవాడు తెలిసినవాడు, వచ్చింది పెన్‌డ్రైవులోనూ కాదు, మరి దీనికెందుకీ గోల? చుట్టాలొస్తే కుక్కను కట్టేస్తాం కదా, అలాగే యాంటీవైరస్‌ను ఆపేసి, మిషను అడిగినదానికల్లా సరే అని నొక్కాడు. ఆ వ్యాపారి ఫోను అప్పటికే ఎవడి చేతికో చిక్కిందని ఈయనకెలా తెలుస్తుంది? తెలిసిన నంబరైతే తెలిసిన మనిషే అనుకున్నాడు. పండగ పోయాక చూద్దాంలే అని లేచిపోయాడు.

మర్నాడు బజారుకు ఎక్కడలేని కళ వచ్చింది. ప్రతి అంగడికీ అరటి పిలకలు, మామిడాకులు, గడప ముందు కుంకుమ నింపి పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ. స్టూడియోలో కెమెరాలు, లైట్లు, స్టాండ్లు అన్నీ బొట్లు పెట్టించుకుని వరసగా కూర్చున్నాయి. అన్నిటికీ నడుమ మిషను, దానికి చేమంతి మాల, ముందు నిమ్మకాయలు, దీపం. ఆ ఒక్క రోజు దాన్ని తెచ్చి ముందు గదిలో పెట్టి, రోజంతా ఆపకుండా ఉంచుతాడు రామచంద్రప్ప. తెరమీద ఊరూరి పెళ్ళిళ్ళ ఫోటోలు, కింద ఊరి పేరుతో, కలగాపులగంగా ఒకదాని వెనక ఒకటి నడుస్తూ ఉంటాయి. బొరుగులూ బెల్లమూ తీసుకోవడానికి వచ్చినవాళ్ళు తమ ఫోటో వచ్చేదాకా నిలబడి, అప్పుడు ఎంత సన్నగా ఉంటినో అని మురిసిపోయి మరీ వెళతారు.

పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాడు మళ్ళీ పూజ చేసి తీసేదాకా ముట్టకూడదు. ఈ పట్టింపు బజారంతటికీ ఉన్నదే, ఈయనకు కాస్త ఎక్కువ. ఒక ఏడాది చుట్టాల మొహమాటానికి పూజలో ఉన్న కెమెరా తీసి, ఆ వారంలోనే బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇక చెప్పేదేముంది!

మొదట గమనించింది ప్రమోద. బాగేపల్లి పెళ్ళి ఒకటి రావలసిన చోట తెర ఉత్త బూడిదరంగుగా నిలిచింది. తరవాత చింతామణిది బాగానే వచ్చింది. మళ్ళీ బాగేపల్లిది బూడిద. ఫోటోలన్నీ మిషన్లో ఊరికొక అరగా, ఇంగ్లీషు అక్షరాల వరసలో సర్దింది ఆమే. ముందు బాగేపల్లి, తరవాత చేలూరు, చిక్కబళ్ళాపుర, చింతామణి, ఆపైన గూళూరు, మిట్టేమరి, పాతపాళ్యం. మొదటి అరను ఏదో తినేస్తోందని ఆమెకు అర్థమైంది. మామగారి పక్కకు వచ్చి చెవిలో చెప్పింది.

"మామా, ఫోటోలు పోతాండాయి. వైరు పీకేద్దాం."

"పూజలో ఉండేదాన్ని ముట్టేదా? వేడెక్కిందిలే, రేపు చూద్దాం."

ఆమె మళ్ళీ అడిగింది. ఈసారి ఆయన ముఖం చిట్లించాడు. బజారు పెద్దలు పదిమంది ఎదురుగా నిలబడి ఉన్నారు. పండగ పూట దీపం ముందు కోడలు వైరు పీకిందంటే ఊరంతా ఏమనుకుంటుంది? మడి ఉంది, పూజ ఉంది, యాంటీవైరస్ ఉంది. ఇన్ని కాపలాలు దాటుకుని ఏది వస్తుందని ఆయన ధీమా. నిన్న తానే ఆ యాంటీవైరస్‌ను ఆపిన సంగతి ఆయనకు గుర్తయినా లేదు. ప్రమోదకు కోపమూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వీధిలోకి పోయి, చిక్కబళ్ళాపురలో కంప్యూటర్లు బాగుచేసే గిరీశ్‌కు ఫోన్ చేసింది. అతనూ తన అంగడి పూజలో ఉండి ఎత్తలేదు. ఆమె చేస్తూనే ఉంది.

ఈలోగా చేలూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన తన పెళ్ళి కోసం చూసి చూసి, మా ఊరి వంతు వస్తే అంతా బూడిదే వస్తాందేమప్పా అని అడిగాడు. అందరూ నవ్వారు. రామచంద్రప్ప కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కాసేపటికి చిక్కబళ్ళాపుర ఫోటోలూ రావడం మానేశాయి.

అప్పటికి గిరీశ్ ఫోన్ ఎత్తాడు. ప్రమోద పరుగున వచ్చి ఫోను మామగారి చెవి దగ్గర పెట్టింది. ఏమీ అడగొద్దు, ముందు వైరు పీకు అన్నాడు గిరీశ్. పూజలో ఉండాదప్పా అని ఈయన నసిగాడు.

"ఆ పాపం నాకే తగలనీ. నువ్వు పీకు" అన్నాడు గిరీశ్.

రామచంద్రప్ప మిషను ముందు నిలబడ్డాడు. దీపం నిదానంగా వెలుగుతోంది. తెరమీద చింతామణి వంతు వచ్చింది, బూడిద. ఇంకొకటి, అదీ బూడిదే. అప్పుడు ఆయనకు మునిశామప్ప గుర్తొచ్చాడు. తప్పయింది స్వామీ అని చెంపలు వేసుకుని, మాల పక్కకు జరిపి, వైరు లాగేశాడు. తెర నల్లబడింది. బజారువాళ్ళు బొరుగులు నమలడం ఆపి ఆయన్నే చూశారు.

పండగ కాగానే గిరీశ్ వచ్చి డిస్కు తీసుకుపోయాడు. ఆ తరవాత పిలిస్తే మామా కోడళ్ళిద్దరూ బస్సెక్కి చిక్కబళ్ళాపుర వెళ్ళారు. గూళూరు నుంచి ఆపైన అన్నీ బతికాయి. చింతామణి దాకా అన్నీ పోయాయి. పోవడమంటే ఎత్తుకుపోవడం కాదు. ఉన్నచోటనే ఒక్కొక్కదానికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు పంపమని ఇంగ్లీషులో రాసిపెట్టాడు ఎవడో. పంపినా వాడు చెవి ఇస్తాడన్న నమ్మకం లేదనీ, ఈ తాళానికి మారుచెవి ఇంకా ఎవరి దగ్గరా లేదనీ గిరీశ్ చెప్పాడు. పోలీసులకు దూరు, అదే ఫిర్యాదు, ఇవ్వమన్నాడు, ఇచ్చారు. వాళ్ళు మర్యాదగానే రాసుకున్నారు.

రామచంద్రప్పకు ఒకటే కొరుకుడు పడలేదు. "నా పెళ్ళిళ్ళ బొమ్మలు వానికెందుకప్పా?"

"వానికి అక్కర్లేదు, నీకు అక్కర. వానికి అది చాలు" అన్నాడు గిరీశ్.

చిన్న ఊళ్ళో చిన్న అంగడి, మనల్నే ఎలా కనుక్కున్నాడని కూడా ఆయన అడిగాడు. వాడు నిన్ను వెతుక్కుంటూ రాలేదు, దొరికిన ప్రతి తలుపూ తట్టుకుంటూ పోయాడు, నువ్వు తీశావు అని గిరీశ్ విడమరిచాడు. తెలిసినవాళ్ళ నంబరు నుంచే ఎక్కువగా వస్తుందట. అన్నిటికీ ఒక నకలు తీసి, ఏ వైరూ తగలకుండా బీరువాలో పెట్టి ఉంటే ఎంతటి దొంగ అయినా ఏమీ చేయలేకపోయేవాడట. ఆ మాటకు ప్రమోద కిటికీ వైపు తిరిగింది. నేను చెప్పలేదా అని ఒక్కమాట ఎత్తిపొడవలేదు. అదే ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

తిరుగు బస్సులో ఆయనే నోరు విప్పాడు. నువ్వు చెప్పిన వెంటనే పీకి ఉంటే బాగేపల్లివి మాత్రం పోయేవి, మునిశామప్ప మిగిలుండేవాడు కదమ్మా అన్నాడు. అవును మామా అంది ప్రమోద. అబద్ధం చెప్పి ఓదార్చే పిల్ల కాదు ఆమె.

మిషను చెడిందని ఫోన్లో ఒక ముక్క చెప్పేస్తే అయిపోయేది. ఆ ఆలోచన ఆయనకు రాకపోలేదు. రాత్రంతా అటూ ఇటూ దొర్లి, పొద్దున్నే బండి తీసుకుని పాతపాళ్యం దారి పట్టాడు. దినాలకు ఇంకా గడువుంది.

అక్కయమ్మ ఇంటి ముందు చెనక్కాయలు ఎండబోసి ఉన్నాయి. ఆమె పక్కనే చాప మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూసి కాఫీ తెమ్మని లోపలికి కేకేసింది. పటం తెచ్చాడేమోనని ఆమె చూపు చేతుల వైపు పోవడం ఆయన గమనించాడు. వైరస్, తాళం, బెంగళూరు వ్యాపారి అంటూ ఎక్కడెక్కడినుంచో మొదలుపెట్టాడు. ఆమె అర్థమైనా కాకపోయినా ఊకొడుతూ వింది. చివరికి ఆయన అవన్నీ వదిలేశాడు.

"ఫోటో పోయిందమ్మా. నా చేతులారా పోగొట్టినా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది. కాయల మీద వాలిన పిచ్చుకల్ని అదిలించింది.

"ఆయప్ప మంచంలో ఉన్నప్పుడు ఒకపూట బాగా తెలివి వచ్చి, నవ్వుతా మాట్లాడె. నాగేశు ఫోన్లో తీస్తానంటే నేనే వద్దంటి. ఈ పీక్కపోయిన మొగం ఎందుకురా, రామచంద్రప్ప దగ్గర మంచిది ఉండాది కదా అంటి" అంది.

రామచంద్రప్ప తల ఎత్తలేకపోయాడు. పోయింది ఒక ఫోటో అనుకుని వచ్చాడు. తన మాట నమ్మి తీయకుండా వదిలేసిన ఫోటో ఇంకొకటి ఉందని ఆయనకు తెలియదు. పంచె కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

అక్కయమ్మ కూడా ముఖం తుడుచుకుంది. ఇట్ల ఉండాది ఉండాది అని ఇంకా ఎంతమందికి చెప్పినావప్పా అని అడిగింది. చానామందికమ్మా అన్నాడాయన.

"అయితే ఈడ కూర్చోవద్దు. పెద్దోళ్ళు మంచంలో ఉండే ఇండ్లకు ముందు పో. ఫోటో లేదని చెప్పు. వాళ్ళన్నా తీసుకుంటారు."

ఆయన లేచాడు. చేలూరులో పక్షవాతం వచ్చి పడి ఉన్న ఒక పెద్దాయనా, ఆ ఇంటివాళ్ళకు తాను ఇచ్చిన మాటా గుర్తొచ్చాయి. బాగేపల్లికి పోయి కెమెరా తెచ్చుకుందామా అని ఒక క్షణం తటపటాయించాడు. ఫోన్లో తీసినా ఫోటోయే కదా అనుకున్నాడు. అక్కయమ్మకు దండం పెట్టి, బండి చేలూరు వైపు తిప్పాడు.