మా ఆయనకి అయిదింతల గుట్ట

మా ఆయన ఉద్యోగం సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండటం. రాళ్ళ మీద వాలే నీటికాకుల్ని లెక్కపెట్టాలి, నాచు ఎంత మేర పాకిందో చూడాలి, మా క్వార్టర్ ఉన్న రాతి గుట్టని అలలు ఎంత తినేశాయో నెలనెలా ఫొటో తీసి పంపాలి. ఫొటోలో గుట్ట పక్కన కొలత కోసం ఒక చారల కర్ర ఉండాలి. మొదటి ఫొటో తీయకముందే ఆ కర్రను అల ఎత్తుకుపోయింది. కొత్తది పంపుతాం, పంపుతాం అని ఆఫీసువాళ్ళు అంటూనే ఉన్నారు. ఇక లాభం లేదని కర్ర బదులు మా ఆయనే నిలబడ్డారు. తన ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలని రాసి పంపారు.

అక్కడే వచ్చింది తంటా. ఆయన అయిదడుగుల రెండంగుళాలు. పెళ్ళికి ముందు మా నాన్నతో ఎనిమిదన్నారు, అప్పట్నుంచీ ఆ మాట మీదే నిలబడ్డారు. అసలు సంగతి నాకు తెలుసని ఆయనకి తెలీదు. ఆ అరడుగు వల్ల ఎవరి సొమ్మేం పోయిందని ఊరుకున్నాను.

ఫొటోలో గుట్ట ఆయనకి సరిగ్గా అయిదింతలు. ఆఫీసువాళ్ళు ఆయన చెప్పిన ఎత్తుని అయిదుతో హెచ్చవేసి, గుట్ట ఎత్తు ఇరవై ఎనిమిది అడుగుల పైచిలుకు అని రాసుకున్నారు.

మొన్న నాచు మీద కాలు జారి ఈయన చీలమండ బెణికింది. చూడ్డానికొచ్చిన మా తమ్ముడు ఈ నెల ఫొటోకి నిలబడ్డాడు. వాడు నిజంగానే ఆరడుగుల మనిషి. వాడి ఎత్తుతో లెక్క కడితే గుట్ట ఒక్క నెలలో రెండున్నర అడుగులు తగ్గిపోయింది.

ఇంజనీరు ఆగమేఘాల మీద వచ్చాడు. పైనుంచి టేపు వదిలి కొలిచి, తగ్గినమాట నిజమేనన్నాడు. పైన అంత ఊడిపోతే మా గడప గాల్లో వేలాడాలి కదా అని అడిగాను. గుట్ట ఇంటితో సహా దిగబడుతోందమ్మా, అందుకే మీకు తెలీలేదు, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యండి, రేపు పడగొట్టేస్తాం అన్నాడు.

వంటింటి కిటికీలోంచి సముద్రం కనపడకపోతే నాకు పొద్దున కాఫీ దిగదు. మా ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని, అతుకుల దిండు మీద కాలు పెట్టుకుని, ఇంజనీరుకి నీటికాకుల సంగతులు చెప్తున్నారు. ఈసారి పిల్లలు బాగా అయ్యాయట. నేను ఉరిమి చూస్తే కళ్ళు దించుకున్నారు. నేను నోరు విప్పితే ఇల్లు దక్కుతుంది, కానీ నలుగురిలో ఆయనకి తల కొట్టేసినట్టవుతుంది. ఆ మాట ఆయన నోటితోనే రావాలి. ఒళ్ళు మండి గిన్నెలన్నీ దబదబా అట్టపెట్టెలో పడేశాను.

తమ్ముడు స్టూలైనా వేసుకోకుండా కిటికీ కర్టెన్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఆగరా," అన్నారు మా ఆయన. ఒంటికాలి మీద లేచి గోడకి ఆనుకుని నిలబడ్డారు. "ఇంజనీరు గారూ, గుట్ట తగ్గలేదండి. నేనే తక్కువ."

తమ్ముడు టేపు పట్టాడు. అయిదడుగుల రెండంగుళాలు. అదీ, ఆయన మునివేళ్ళ మీదికి లేవకుండా నేను భుజం నొక్కి పట్టుకుంటే. ఇంజనీరు వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. అయిదు అరడుగులు, రెండున్నర. ఇల్లు ఎక్కడికీ పోదని, వచ్చే నెల నుంచి మేడమ్ గారే నిలబడాలని చెప్పి వెళ్ళిపోయాడు.

మా ఆయన కుర్చీలో కూలబడి మళ్ళీ దిండు మీద కాలు పెట్టుకున్నారు.

"ఇన్నేళ్ళు అబద్ధం చెప్పాను. నీకు కోపం రాలేదా?"

"మీరు కొనుక్కొచ్చే ప్రతి ప్యాంటూ అరడుగు కత్తిరించి కుట్టేది ఎవరనుకున్నారు?"

"ఉతికితే కుదించుకుపోతున్నాయనుకున్నాను."

నేను ఆయన కాలి కిందకి చూపించాను. గోధుమరంగు ముక్క, బూడిదరంగు ముక్క, మధ్యలో పెళ్ళైన కొత్తలోది నల్ల ముక్క. ఆయన కాలు మెల్లిగా కిందికి దించి, దిండు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.