పేరు గాజుది, పాటు నాది

నేను ఒక నల్లటి పట్టీని. వెడల్పు చిటికెనవేలి గోరంత, మందం అంతకంటే తక్కువ. ఒక పక్క జిగురు, మరో పక్క మెత్తటి స్పాంజి. కంప్యూటర్ తెర కింది అంచున, ప్లాస్టిక్ చట్రం లోపల నా కాపురం. నన్ను మీరెప్పుడూ చూసి ఉండరు. ఎందుకు చూస్తారు లెండి, మీ కళ్ళన్నీ ఆ గాజు మీదే కదా! ముందే చెప్పేస్తున్నాను, నాకు ఆ గాజంటే కుళ్ళు. దాచుకోవడం నాకు చేతకాదు.

తిరుపతి అవతల ఒక ఫ్యాక్టరీలో పెద్ద చుట్ట నుంచి నన్ను కోశారు. హేమావతి అనే ఆమె నన్ను పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి గాజు అంచున అంటించింది. అంటించాక పక్కనున్న ఆమెతో, "ఇది వంకర పడిందంటే అంతేక్కా. ఎనకాల లైటంతా పక్కలనుంచి కారిపోతాది. గాజు పోయి చట్రానికి తగిలి అంచులు పెచ్చులూడిపోతాయి" అంది. ఆ మాట విని ఎంత పొంగిపోయానో! తీరా అట్టపెట్టె మీద చూస్తే బొమ్మ గాజుది. నా పేరు కింద చిన్న అక్షరాల్లో కూడా లేదు.

అలా ధర్మవరం చేరాను. కొన్నది ఓబులేసు. పట్టుచీరలకు కంప్యూటర్ మీద అంచులు, బుటాలు గీసి, ఏ దారానికి ఏ రంగు అద్దించాలో తేల్చి చెప్పే మనిషి. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఊళ్ళో ఎవరైనా రంగు దగ్గర వాదనకు దిగితే, "ఓబులేసన్న చూసినాడా?" అని అడుగుతారు. చూశాడంటే ఇక మాట ఉండదు. అతని పరువంతా అతని కళ్ళల్లోనే ఉంది.

అతనికి ఒక అలవాటు. మోచెయ్యి బల్లకు ఆనించి, అద్దకం నుంచి వచ్చిన పట్టు దారాన్ని తెర కుడి పక్క కింది మూలకు ఆనించి, తెర మీది రంగుతో పోల్చి చూసుకుంటాడు. అంటే సరిగ్గా నా నెత్తి మీద. రోజూ అంత దగ్గరగా అతని వేళ్ళు వచ్చేవి. చూపు మాత్రం గాజు మీదే! పొద్దున్నే దానికి మెత్తటి గుడ్డతో స్నానం. ఎవరైనా వేలు పెడితే, "గాజప్పా, గాజు! మరకలవుతాది" అని గదమాయింపు. ఒకసారి బల్ల జరుపుతుంటే తెర పోయి మగ్గం గుంజకు ఠప్పున తగిలింది. ఆ దెబ్బంతా నేను కాచుకున్నాను, స్పాంజి సగం నలిగిపోయింది. ఓబులేసు గాజును అటూ ఇటూ తడిమి, "గట్టి గాజు, ఏమీ కాల్యా" అన్నాడు. నాకు కడుపు మండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే కాదూ!

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా ఊళ్ళో మగ్గానికి, కత్తెరకు, స్కూటరుకు, కంప్యూటరుకు, అన్నిటికీ బొట్లే. గాజు పాడవుతుందని ఓబులేసు గంధం తీసుకెళ్ళి చట్రం మీద పెట్టాడు, అదీ కుడి పక్క కింది మూలన. పైన కుంకుమ, ఆపైన ఒక పువ్వు. భక్తి ఎక్కువై గంధం బాగా పల్చగా కలిపాడు. చట్రం సందులోంచి ఒక చుక్క, వెనకే ఇంకో చుక్క, నా మీదికి దిగింది. ఇన్నేళ్ళకు నాకూ పూజ జరిగిందని ఒళ్ళు పులకరించింది. పులకరింపుతోపాటు నా జిగురూ నానింది.

ఇక్కడ ఉన్నమాట చెప్పాలి. నేను గట్టిగా ఉండాలనుకుంటే ఉండగలిగేదాన్ని. ఉండలేదు. నేను లేకపోతే ఈ గాజు బతుకెంతో లోకానికి తెలియాలి అనుకుని ఆ మూలన పట్టు వదిలేశాను. వెనకనున్న వెలుతురు సన్నగా లోపలికి పాకింది. మూలన ఏ రంగు కనిపించినా ఒక పాలు తెలుపు కలిసినట్టే ఉంది. ఇప్పుడు తిట్లు తింటావే గాజూ అని కాచుక్కూర్చున్నాను.

అప్పుడే కదిరి నుంచి ఒక పెద్దామె మనవరాలి పెళ్ళిచీర చెప్పింది. తన తల్లి కట్టిన పాత చీర ఫొటో పంపి, అంచు అచ్చం ఆ కుంకుమ రంగే కావాలంది. ఓబులేసు ఫొటోను తెర మీదికి తెచ్చి, దారాలు ఒక్కొక్కటే ఆ మూలన ఆనించి, ఒకటి ఖాయం చేశాడు. అతను గీసిన చీరలు నేసే నరసమ్మ తన మగ్గం మీద పన్నెండు రోజులు కూర్చుని పని ముగించింది. పెద్దామె పాత చీర వెంట తెచ్చుకుని పక్కన పరిచింది. కొత్త అంచు వెలవెలబోతోంది. ఆమె తన పాత చీర మడత పెట్టుకుంది.

"ఏందన్నా ఇది?" అంది నరసమ్మ. "పెండ్లికూతురు ఎలిసిపోయిన అంచు కట్టుకుంటాదా యాడన్నా?"

ఓబులేసు మళ్ళీ దారాలు తెప్పించాడు, మళ్ళీ అదే మూలన ఆనించాడు, మళ్ళీ పన్నెండు రోజులు. రెండో చీరా అంతే. పెళ్ళివాళ్ళు ఇంకో చోట కొనుక్కున్నారు.

నేను అనుకున్నదేమిటి, అయిందేమిటి! గాజును ఎవరూ అనుమానించలేదు. "కంప్యూటరు అబద్ధం చెప్పదు గదా, నరసమ్మా" అన్నాడు ఓబులేసు. "నా కండ్లే పోతాండాయి. ఆస్పత్రికి పోవాలంటే భయమైతాంది. ఉండే మాట వాళ్ళు చెప్తే ఇంగ నేనేం జేయల్ల? రంగులకు ఇంగెవరినన్నా చూసుకోమ్మా."

నరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడ్చింది గాజు మీద, పడింది ఓబులేసు కళ్ళ మీద. మళ్ళీ అంటుకుందామని చూశాను. ఒకసారి వదిలేసిన జిగురు నా మాట ఎందుకు వింటుంది? రోజూ అతను దారం మూలన పెట్టి, కళ్ళు నులుముకుని, మళ్ళీ పెట్టి, దించేసేవాడు. నేను నోరు లేనిదాన్ని, చూస్తూ పడి ఉన్నాను.

వారం తర్వాత ఆ తెరను అమ్మేద్దామని స్టేషన్ రోడ్డులో దస్తగిరి అంగడికి తెచ్చాడు. పాత సామాను కొనే ముందు దస్తగిరి పరీక్ష పెడతాడు. తెర మొత్తం నల్లగా చేసి, వెలుగు రాకుండా షట్టరు సగం దించాడు. నల్లటి తెరలో కుడి పక్క కింది మూల తెల్లగా వెలిగింది.

"అన్నా, ఈడ లైటు కారతాండాది, చూడు."

ఓబులేసు వంగి చూశాడు. "ఎన్నినాళ్ళ నుంచి?"

"అది నాకేం తెలుసన్నా. అంచుపట్టీ ఊడింది, అంతే. రెండు నిమిషాల పని."

చట్రం విప్పి, పట్టకారుతో నన్ను లాగి పక్కన పడేసి, కొత్త పట్టీ అంటించాడు. ఓబులేసు సెల్లులోంచి పాత చీర ఫొటో తెర మీదికి ఎక్కించమన్నాడు. జేబులో ఇంకా ఆ దారం ముక్క ఉంది. దాన్ని తీసి మూలన ఆనించాడు.

"తేడా ఉంది!" అని అరిచాడు. "దస్తగిరీ, ఇది ఆ రంగు కాదు! ఎంత తేడా, చూస్తివా? నాకు కనపడ్తాంది!"

ఎంచిన రంగు తప్పని తేలితే అంత సంబరపడిన మనిషిని నేనెక్కడా చూడలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకోకుండా ముందు గాజును తుడిచాడు. "నీ తప్పూ ల్యా, నా తప్పూ ల్యా తల్లీ" అన్నాడు.

"మరి తప్పెవురిదన్నా?" దస్తగిరి నవ్వాడు.

నేను బల్ల మీద ముడుచుకుపోయి పడి ఉన్నాను, అతని చేతికి జానెడు దూరంలో. నాదే, నాదే అని ఒళ్ళంతా అరుస్తోంది. తిట్టనీ, చెప్పుతో తొక్కనీ, ఒక్కసారి నా వంక చూడనీ అనుకున్నాను.

"ఎవురిదీ ల్యా, పోనీలే" అన్నాడు ఓబులేసు. తెరను పసిబిడ్డలా ఎత్తుకుని, నరసమ్మకు చెప్పాలంటూ వెళ్ళిపోయాడు.